మటిల్డా ట్యాంకు: అపోహలు - వాస్తవాలు

సైన్యంలో ట్యాంకుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ మటిల్డా-2ను ఎవరైనా తీసిపారేస్తే నాకు మనసొప్పదు. తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: చేతగాక నత్తనడక బండి తయారుచేశారు.

వాస్తవం: కాలినడకన వెళ్లే పదాతిదళం పక్కనే సాగుతూ, వాళ్ల మీదికొచ్చే తూటాల్ని కాచుకోవడం దీని పని. అందుకే ముందువైపు 78 మి.మీ. కవచం వేశారు. రోడ్డు మీద గంటకు 24 కి.మీ. వేగం దీనికి చాలు. 1940 డిసెంబర్ 9న ఈజిప్టులోని నిబేవా శిబిరంపై మన 4వ భారత డివిజన్ దాడిచేసినప్పుడు ముందు నడిచినవి ఇవే. ఇటాలియన్ల గుండ్లు ఆ కవచాన్ని చీల్చలేకపోయాయి.

అపోహ: బస్సు ఇంజన్లతో సరిపెట్టేశారు.

వాస్తవం: మొదట్లో వచ్చినవాటిలో బ్రిటిష్ బస్సు-లారీల కంపెనీ ఏఈసీ చేసిన డీజిల్ ఇంజన్లు రెండు, పక్కపక్కన ఉండేవి. ఒక్కోటి 6 సిలిండర్లు, 87 హార్స్‌పవర్. బస్సులకు, లారీలకు వాడి చూసిన రకం కాబట్టే వాటిని ఎంచుకున్నారు. పైగా డీజిల్ పెట్రోలులా భగ్గున అంటుకోదు. ఒకటి మొరాయించినా రెండోదానితో బండిని ఈడ్చుకురావచ్చు. కష్టమల్లా మెకానిక్‌కే: ఇంజెక్టర్లు చూసినా, ఫిల్టర్లు మార్చినా ప్రతిదీ రెండుసార్లు. ఆ ఇరుకులో చెయ్యి దూర్చి పనిచేసిన కుర్రాళ్లకు నా నమస్కారం.

ఈ డిజైన్‌లో నాకు నచ్చనిది వేరే ఉంది. చక్రాల్ని కప్పుతూ పక్కలకు బిగించిన కవచపు పలకలు. బురద జారిపోవడానికి వాటిలో కంతలు పెట్టారు, నిజమే. కానీ రష్యాకు పంపిన బళ్లలో మంచు ఆ పలకల వెనకే గడ్డకట్టి ట్రాకుల్ని పట్టేసేది.

అపోహ: దాని ఫిరంగి ఎందుకూ పనికిరాదు.

వాస్తవం: ఆ 2 పౌండర్ (సుమారు రెండు పౌండ్ల గుండు పేల్చే 40 మి.మీ. ఫిరంగి) 1940లో ఎదుటి ట్యాంకుల్ని బాగానే ఛేదించింది. లోటు గుండ్లలో ఉంది. తగిలాక పేలే గుండ్లు బ్రిటిష్ సిబ్బందికి ఇవ్వలేదు, కవచాన్ని చీల్చే గట్టి గుండ్లే ఇచ్చారు. గోతుల్లోని శత్రువుపై ఇక మెషిన్‌గనే దిక్కు. దూరాన గోతుల్లో దాగిన జర్మన్ 88 మి.మీ. ఫిరంగులపై మెషిన్‌గన్ ఏం చేస్తుంది? 1941 జూన్‌లో ఈజిప్టులోని హల్ఫాయా కనుమ దగ్గర ఎన్నో మటిల్డాలు అలాగే పోయాయి. పెద్ద ఫిరంగి బిగిద్దామంటే టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) కూర్చునే రింగు చిన్నది.

అపోహ: ఆ తర్వాత అన్నీ తుక్కుకే పోయాయి.

వాస్తవం: ఆస్ట్రేలియా సైన్యం న్యూగినీ, బోగన్‌విల్, బోర్నియో అడవుల్లో 1945 దాకా వీటిని నడిపింది. అక్కడ వేగంతో పనిలేదు. జపాన్ బంకర్లకు దగ్గరగా వెళ్లి కొట్టాలి, వెనకే పదాతిదళం రావాలి. కొన్నింటికి మంటలు చిమ్మే గొట్టాలు కూడా బిగించారు.