గద్దించే పని, ఆదరించే పని: మన సంఘాల్లో ఇవి ఎలా వేరయ్యాయి?

హనుమకొండ, కాజీపేట, వరంగల్ క్రైస్తవ సంఘాల్లో కమిటీ కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక రూపంలో వచ్చే తగాదా ఒకటుంది. పెళ్లి విషయంలోనో, తాగుడు విషయంలోనో, కానుకల లెక్కల్లోనో ఒక సభ్యుడు తప్పు చేశాడని బయటపడుతుంది. వాక్యం ఉన్నది ఉన్నట్టు చెప్పి బల్ల ఆపాలని, అంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదని కొందరంటారు. అలా చేస్తే వచ్చే ఆదివారం నుంచి ఆ కుటుంబం ఇంకో చర్చికి పోతుంది, ప్రేమగా ఊరుకుందామని మిగతావాళ్లంటారు. మధ్యలో పాస్టర్ అయ్యగారికి టెన్షన్. ప్రేమదో పక్షం, దిద్దుబాటుదో పక్షం అన్నట్టు వాదించుకుంటున్నాం. కానీ ఈ ప్రాంతానికి మిషన్లు తెచ్చిన పద్ధతుల్లో ఆ రెండూ ఒకే మనిషి చేయాల్సిన పని.

కరీంనగర్, మెదక్ వైపు పనిచేసిన వెస్లియన్ (మెథడిస్టు) మిషన్ సంగతే చూద్దాం. వాళ్ల సంఘ పద్ధతికి మూలం 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉంది. ప్రార్థనా మందిరం మీదున్న అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మంది చొప్పున విడదీసి, ఒక్కో గుంపుకు ఒక నాయకుణ్ని పెట్టారు. వారానికో పెన్నీ వసూలు చేయడానికి అతను ఇంటింటికీ తిరగాలి. అలా తిరుగుతుంటే ఎవరి ఇల్లు ఎలా నడుస్తోందో, ఎవరు దారి తప్పారో తెలిసింది. మరుసటి ఏడాది, ఆ ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ రాసిన నియమాల్లో ఆ నాయకుడి బాధ్యత స్పష్టంగా ఉంది: వారానికి ఒకసారైనా ప్రతి ఒక్కరినీ కలవాలి, అవసరాన్ని బట్టి సలహా ఇవ్వాలి, గద్దించాలి, ఆదరించాలి, ప్రోత్సహించాలి. నాలుగూ ఒక్క మనిషికే అప్పగించారు. డబ్బు వసూలు కోసం పెట్టిన ఏర్పాటు కాపరి పనిగా మారింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

హనుమకొండలో 1879లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలైంది. వాళ్ల పద్ధతిలో సభ్యుణ్ని చేర్చుకోవాలన్నా, తీసేయాలన్నా సంఘమంతా కూర్చుని తేల్చాలి. అయితే అక్కడిదాకా వెళ్లే ముందు మత్తయి 18వ అధ్యాయం చెప్పిన మెట్లున్నాయి: మొదట ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత ఇద్దరు ముగ్గురితో వెళ్లాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. ఇప్పుడు చాలాచోట్ల మొదట మైకులో పడుతుంది, ఇంటికి వెళ్లడం చివరి మాట.

డోర్నకల్‌ది ఇంకో కథ. తర్వాత అక్కడ బిషప్ అయిన అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, ముప్పై అయిదేళ్ల వయసులో, పాశ్చాత్య పెద్దల ముందు నిలబడి, మీరు మాకు ఎంతో ఇచ్చారు, ప్రేమ కూడా ఇవ్వండి, స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. అది అక్షరాలా గద్దింపే. అయినా వాళ్ల త్యాగాన్ని ముందు ఒప్పుకుని, ఆ తర్వాతే లోపం చెప్పాడు. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు) సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాక దిద్దే బాధ్యత ఆయన మీదే పడింది. డోర్నకల్‌లో కాపరులకు తర్ఫీదు ఇచ్చేటప్పుడు వాళ్ల భార్యలకూ పాఠాలు పెట్టించాడు. ఆడవాళ్ల కష్టం వినడానికి అమ్మగారు ఉండాలి కదా.

ఊళ్లో రోజువారీ పని మాత్రం పాస్టర్ కింద ఊరి సంఘాన్ని చూసుకునే ఉపదేశిది. పిల్లలకు చదువు చెప్పేది ఆయనే, జ్వరం వస్తే పక్కన కూర్చుని ప్రార్థించేది ఆయనే, సమాధి దగ్గర వాక్యం చదివేదీ ఆయనే. అలాంటి మనిషి "తాగుడు మానెయ్ బిడ్డా" అంటే ఎదురు చెప్పడం కష్టం. ఇంకో సంగతి కూడా మరవకూడదు. మాల, మాదిగ వాడల్లో కులపంచాయతీ తప్పు (జరిమానా) వేయడం, వెలి పెట్టడం సంఘం రాకముందే ఉన్నాయి. కాబట్టి బల్ల ఆపితే దాన్ని చాలామంది వెలిగానే భావించి ఉంటారు. ఆ నొప్పి ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది.

1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడి, ఆంగ్లికన్లు, వెస్లియన్లు ఒక్కటయ్యారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఉపదేశులు తగ్గారు, ఒకే పాస్టర్ కింద చాలా ఊళ్లు చేరాయి. పట్నంలో స్వతంత్ర సంఘాలు పెరిగాయి. వాటిలో వందల మందికి ఒకే గొంతు. ఇల్లు తెలియనివాడు గద్దిస్తే అవమానంలా తగులుతుంది, మెచ్చుకుంటే శాలువా కప్పినట్టుంటుంది. నాయకుల్లో ప్రేమ తగ్గిందని నేను అనను. వాళ్లకు ఇళ్లు తెలిసే దారి మూసుకుపోయింది.

సంఘంలోని ఆడవాళ్ల కూటమి అయిన స్త్రీల మైత్రిలో ఒక పెద్దమ్మ ఉంది. చర్చికి రావడం మానేసిన అమ్మాయి ఇంటికి వెళ్లింది, చాయ్ తాగింది, పిల్లల చదువు అడిగింది, వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. అసలు మాట లేచి వచ్చేటప్పుడు, గడప దగ్గర చెప్పింది. కమిటీ నెలల తరబడి చేయలేని పని అది.

ఆ కమిటీలు మరిచిపోయేది ఇంకొకటుంది. ఆపడానికి తీర్మానం రాస్తారు, తిరిగి చేర్చుకోవడానికి ఎవరు వెళ్లాలో, ఎప్పుడు వెళ్లాలో రాయరు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు, శిక్ష చాలు, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే ఆ మనిషి దుఃఖంలో మునిగిపోతాడని సంఘాన్ని తొందరపెట్టాడు. బల్ల ఆపిన రోజే, అదే పేజీలో, ఆ ఇంటికి ప్రతి వారం వెళ్లే పెద్ద పేరు కూడా రాయాలి.