బ్రష్ కట్టర్ తగిలించబోయే పిల్లలకు

చిరంజీవులకు,

స్కిడ్ స్టీర్ నడపడం వచ్చేసింది మామయ్యా, ఇక బ్రష్ కట్టర్ తగిలించి ముళ్లకంపల మీద పడటమే తరువాయి అని రాశారు, సంతోషం. కానీ ఆ చిన్న లోడరు బండి ముందున్న బకెట్‌తో మట్టి ఎత్తడం వేరు, బకెట్ తీసి పొదలు నరికే ఈ కట్టర్ తగిలించడం వేరు. బకెట్ దగ్గర పొరపాటు జరిగితే నాలుగు పారల మట్టి ఒలుకుతుంది, అంతే. కట్టర్ కింద గుప్పెడంత రాయి పడితే అది ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

ముందు ఇది ఎలా తిరుగుతుందో తెలుసుకోండి. ఇంజిన్ హైడ్రాలిక్ పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పైపుల్లోంచి కట్టర్ మీదున్న మోటారుకు తోస్తుంది, ఆ మోటారు ఇనుప డెక్, అంటే పైమూత, కింద ఉన్న బరువైన ప్లేటును తిప్పుతుంది. బ్లేడ్లు ఆ ప్లేటు అంచున ఒక్కో బోల్టు మీద వేలాడుతుంటాయి. వేగం అందుకోగానే బయటికి చాచుకుంటాయి, మొద్దో రాయో తగిలితే లోపలికి మడుచుకుంటాయి. ఇక ఆయిల్ లెక్క. మామూలు బండి నిమిషానికి సుమారు 60 నుంచి 90 లీటర్లు ఇస్తుంది, హై ఫ్లో బండి, అంటే ఎక్కువ ఆయిల్ తోసేది, 110 నుంచి 150 దాకా ఇస్తుంది. తక్కువ ఫ్లోకి చేసిన కట్టర్‌ను హై ఫ్లో మీద పెడితే అవసరానికి మించి తిరిగి మోటారు, బేరింగులు పాడవుతాయి. ఎక్కువ ఫ్లో కావలసినదాన్ని మామూలు బండికి పెడితే నీరసంగా తిరిగి, కొమ్మను నరకకుండా నములుతుంది. కట్టర్‌కు ఎంత కావాలో దాని మీద బిగించిన ప్లేటు మీదే రాసి ఉంటుంది, మాన్యువల్‌లోనూ ఉంటుంది. ఎంత లావు చెట్టు దాకా కొట్టొచ్చో కూడా అక్కడే చూడండి, పక్కవాళ్లు చెప్పింది నమ్మొద్దు.

తగిలించాక, కట్టర్‌ను బండికి బిగించే లివర్లు కిందికి నొక్కాం కదా అని ఊరుకోకండి. రెండు పిన్నులూ కట్టర్ వెనక బండికి తగిలే ప్లేటు రంధ్రాల్లోంచి కిందికి దిగాయో లేదో వంగి కళ్లతో చూడండి. పైపులు కలిపే ముందు ఇంజిన్ ఆపి లైన్‌లో ఒత్తిడి వదిలేసి, పైపుల చివర కలిసే కప్లర్ల మొహాలను శుభ్రమైన గుడ్డతో తుడవండి, ఇసుక రేణువు లోపలికి పోయిందంటే పంపు దాకా తిరిగొస్తుంది. చాలా కట్టర్లకు రెండు పెద్ద పైపులతో పాటు సన్నటి మూడోది ఒకటి ఉంటుంది, కేస్ డ్రెయిన్ అంటారు. మోటారు లోపల కారే కొద్దిపాటి ఆయిల్ దాని గుండానే ట్యాంకుకు పోతుంది. చిన్నదే కదా అని వదిలేస్తే ఆ ఆయిల్‌కు దారి లేక షాఫ్ట్ సీల్ పగిలిపోతుంది. అందుకే కలిపేటప్పుడు దాన్ని మొదట కలపండి, విప్పేటప్పుడు చివర విప్పండి.

కంపలోకి దిగే ముందు ఆ జాగా అంతా నడిచి చూడండి. పడిపోయిన కంచె తీగ, ఇనుప ఊచ, గడ్డిలో దాగిన గుంత, ఇవన్నీ క్యాబిన్‌లోంచి కనపడవు. తీగ ఒక్కటి చుట్టుకుందంటే ఇరుసు దగ్గర సీల్‌ను కోసేస్తుంది, దాన్ని విప్పడం ఒక పూట పని. ముందు తలుపు మామూలు అద్దమైతే చాలదు, పాలికార్బొనేట్‌ది ఉండాలి. మనుషులు కనీసం 90 మీటర్ల అవతల ఉండాలి, ఎవరైనా దగ్గరికొస్తుంటే బ్లేడ్లు ఆపేయడమే, సైగలు చేస్తూ కూర్చోవద్దు. సీటు బెల్టు, ఒడి మీదికి దించుకునే సీటు బార్ సంగతి మళ్లీ చెప్పను, బార్ దించకపోతే బండిని కదలనివ్వని స్విచ్‌ను తప్పించి వైరు కలిపే తెలివిమంతులు ఉంటారు, వాళ్ల దగ్గర పని నేర్చుకోకండి.

బ్లేడ్లను ఇంజిన్ తక్కువ వేగంలో ఉన్నప్పుడు మొదలుపెట్టి, తర్వాత మెల్లగా పూర్తి థ్రాటిల్‌కు తీసుకెళ్లండి. కట్టర్ నేలకు దగ్గరగానే ఉండాలి, బ్లేడ్లు తిరుగుతుండగా పైకెత్తితే ఎగిరే ముక్కలకు అడ్డేమీ ఉండదు. నడక వేగం కంటే నెమ్మదిగా వెళ్లండి, చెవి ఇంజిన్ మీద పెట్టండి. శబ్దం బరువెక్కిందంటే కొంచెం వెనక్కి రండి, బ్లేడ్లు మళ్లీ వేగం అందుకున్నాక ముందుకు వెళ్లండి. మొండిగా తోస్తే హైడ్రాలిక్ ఆయిల్ వేడెక్కడం తప్ప పని సాగదు. ఏటవాలు నేలలో అడ్డంగా కాకుండా నిలువుగా నడపండి. ఆపాక బ్లేడ్లు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి, అవి పూర్తిగా ఆగేదాకా దిగొద్దు.

సర్వీసింగ్ దగ్గర నాకు చాదస్తం ఎక్కువే, భరించండి. గ్రీజు ఎక్కడ, ఎన్ని గంటలకోసారి అన్నది మాన్యువల్ ప్రకారం, బ్లేడ్ బోల్టుల బిగువు మాత్రం రోజూ. డెక్ కింద చూడాలంటే కట్టర్‌ను మోసే బండి ఆర్మ్స్ ఎత్తి వాటి కిందికి దూరడం కాదు, గట్టి స్టాండ్లు పెట్టాలి, ఆర్మ్స్‌కు లాక్ వేయాలి, తాళం చెవి జేబులో ఉండాలి. బ్లేడును కత్తిలా పదును పెట్టకండి. అంచు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన మొద్దుగానే ఉండాలి, మరీ పల్చనైతే మొదటి రాయికే పళ్లు పళ్లుగా ఊడిపోతుంది. గ్రైండర్ పెట్టినప్పుడు అంచు నీలంగా మారిందంటే వేడికి ఇనుము గట్టితనం పోయినట్టే. పగులు కనపడితే వెల్డింగ్ చేసి సరిపెట్టొద్దు, పారేయండి. మార్చేటప్పుడు ఒక్కటే కాదు, సెట్టు మొత్తం బోల్టులతో సహా మార్చండి, బరువు తేడా వస్తే కట్టర్ వణుకుతుంది, ఆ వణుకు బేరింగులను తినేస్తుంది.

పైపు దగ్గర ఆయిల్ తడి కనపడితే వేలితో తడమొద్దు. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న సూది గుచ్చినట్టే కనపడినా వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం అది. ఒక అట్టముక్క పట్టుకుని చూస్తే చాలు. పని మధ్యలో రేడియేటర్ జాలీ మీదా ఇంజిన్ చుట్టూ పేరుకున్న ఎండు పొట్టు దులుపుతుండండి, అది సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. మంటలార్పే సిలిండర్ క్యాబిన్‌లోనే పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు కట్టర్ మీద బిగించిన ప్లేటు మీదున్న అంకెలు, బండి హైడ్రాలిక్ అంకెలు రెండూ ఫొటో తీసి పంపండి, చూసి చెబుతాను. అప్పటిదాకా పైపులు కలపకండి.

ఉంటాను,
మీ మామయ్య