మేడ మీద డక్టు: అపోహలు - వాస్తవాలు

సీలింగులో ఏసీ గాలి వచ్చే జాలీ చుట్టూ చెమ్మ దిగితే, బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా ముందు పిలిచేది వాటర్‌ప్రూఫింగ్ వాళ్లనే. పూత పడుతుంది, డబ్బు పోతుంది, తర్వాతి వానకి మరక మళ్లీ అక్కడే తేలుతుంది.

అపోహ: చెమ్మ దిగిందంటే శ్లాబు కారుతున్నట్టే.

వాస్తవం: మరక జాలీ చుట్టూనే ఉంటే ముందు మేడ మీది డక్టునే, అంటే ఏసీ గాలిని గదిలోకి తెచ్చే రేకు గొట్టాన్నే, అనుమానించాలి. దాన్ని మోసే స్టాండ్లు దూరదూరంగా ఉంటే డక్టు మధ్యలో కుంగుతుంది. అప్పుడు స్టాండు మీది జాయింటు పైవైపు నోరు తెరుస్తుంది, మధ్యలోది అడుగువైపు. పైనుంచి దూరిన వాన రేకు లోపలే పారి జాలీ దగ్గర దిగుతుంది. వానకే కారితే జాయింటు సంగతి చూడాలి. ఎండరోజున ఏసీ వేశాక కారితే అది ఇన్సులేషన్ చిరిగినచోట రేకుకి పట్టే చెమట.

చూడటం కష్టమేం కాదు. ముందు ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దింపండి. డక్టు పైఅంచున రెండు స్టాండ్ల దగ్గర ఒకే మందం చెక్కముక్కలు పెట్టి, వాటి మీదుగా దారం బిగించండి. మధ్యలో దారానికీ రేకుకీ ఎడం చెక్క మందాన్ని మించితే కుంగినట్టే. స్టాండ్ల మధ్య ఎనిమిది అడుగులు మించకూడదు, ప్రతి వంపు దగ్గరా ఒకటి ఉండాలి. ఏసీ యూనిట్‌నీ డక్టునీ కలిపే కాన్వాసు గుడ్డ మీద డక్టు బరువు పడకూడదు. తర్వాత పల్లపు చివర నుంచి ఒక్కో జాయింటునే పైపుతో అయిదేసి నిమిషాలు తడపండి, లోపల ఒకరు చూస్తూ ఉండాలి.

మరక చూసి ఇల్లు కూలుతుందని బెంగపడకండి. పెచ్చులూడి చువ్వలు బయటపడితే మాత్రం ఇంజనీరుని పిలవండి.

అపోహ: బరువైన డక్టు, ఇటుకల మీద కదలదు.

వాస్తవం: రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు, 24 గేజి రేకు అయితే పదడుగుల ముక్క దాదాపు 28 కిలోలు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు. ఆ గాలి పక్కనుంచి కొడితే ఆ ముక్క మీద పడే తోపు 85 కిలోల పైమాటే! స్టాండు మోయడమే కాదు, పట్టీతో కిందికి పట్టి ఉంచాలి కూడా.

ఇక జాయింటుకి సిలికాన్ పూస్తే చాలన్న వాట్సాప్ సలహా: కుంగిన డక్టుని ఎత్తకుండా పూస్తే అది మళ్లీ చీలుతుంది. స్టాండు బోల్టుల కోసం వాటర్‌ప్రూఫింగ్ పూత వేసిన శ్లాబుకి నేరుగా కన్నాలు పొడిచి వదిలేయొద్దు. శ్లాబులో చువ్వలు దింపి దిమ్మ పోయించి, పూతని దిమ్మ పక్కలకీ ఎక్కించాకే బోల్టు దిమ్మలో వేయాలి.