అకిలిస్ లోపం మడమలో లేదు

ఎంతటి బలవంతుడికైనా ఒక బలహీనత ఉంటుందని చెప్పవలసి వచ్చినప్పుడు చాలామంది గ్రీకు పురాణవీరుడు అకిలిస్ మడమను తలుచుకుంటారు. దేవత అయిన తల్లి థెటిస్ పసివాణ్ణి స్టిక్స్ నదిలో ముంచిందనీ, ఆమె పట్టుకున్న మడమ ఒక్కటే తడవలేదనీ, చివరికి బాణం అక్కడే తగిలిందనీ కథ. దుర్యోధనుడి తొడల కథ విని పెరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. అయితే ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన కావ్యం ‘ఇలియడ్’లో ఈ కథ ఎక్కడా లేదు. నదిలో ముంచిన ఉదంతం, మనకు మిగిలిన గ్రంథాలలో, క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ కవి స్టేషియస్ లాటిన్‌లో రాసిన కావ్యంలో మొదటిసారి కనిపిస్తుంది. ఇలియడ్‌లో అకిలిస్ శరీరం మామూలు మనిషి శరీరమే. 21వ సర్గలో శత్రువు విసిరిన ఈటె అతని మోచేతిని గీరి నెత్తురు చిందిస్తుంది కూడా. హోమర్ చూపిన లోపం ఒంట్లోది కాదు, మనసులోది. అకిలిస్ మహావీరుడా, క్రూరుడా అన్న వాదం రెండున్నర వేల ఏళ్లుగా సాగుతున్నది కనుక, ఆ వాదం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే ముందు ఆ కావ్యం దగ్గరికే వెళ్లాలి.

క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతంలో రూపుదిద్దుకుందని ఎక్కువమంది పండితులు భావించే ఇలియడ్‌లో 24 సర్గలు, 15,693 పాదాలు ఉన్నాయి. దాని మొట్టమొదటి మాట ‘మేనిస్’. ఆ కావ్యంలో ఎక్కువగా దేవతల ఆగ్రహానికి వాడే ఈ మాటను కవి ఒక మనిషికి అంటగట్టి కథ మొదలుపెడతాడు. ట్రాయ్ ముట్టడి పదో ఏట గ్రీకు శిబిరంలో తొమ్మిది రోజులు మహమ్మారి చెలరేగుతుంది. దానికి కారణం అపోలో పూజారి కూతుర్ని సేనాధిపతి అగమెమ్నాన్ చెరపట్టి విడిచిపెట్టకపోవడమేనని తేలుతుంది. ఆమెను వదులుకోవలసి వచ్చిన అగమెమ్నాన్, ఆ లోటు తీర్చుకోవడానికి అకిలిస్‌కు బహుమానంగా దక్కిన బందీ యువతి బ్రిసీస్‌ను లాక్కుంటాడు. సైన్యమంతా చూస్తుండగా ఇచ్చిన బహుమానం ఆనాటి వీరుడి మర్యాదకు కొలత కనుక, అది పోవడమంటే నిండు సభలో పరాభవమే. ఇంతవరకు న్యాయం అకిలిస్ పక్షాన ఉంది. కానీ ఆ తరవాత అతను యుద్ధం నుంచి తప్పుకోవడంతో ఆగడు. తన వాళ్లే ఓడిపోయేలా చేయమని దేవతల రాజు జ్యూస్‌ను వేడుకోవాలని తల్లిని కోరతాడు. తనతో కలిసి పోరాడినవారి చావును కోరుకున్న మనిషిని కావ్యనాయకుడిగా నిలబెట్టడం ఎంత సాహసమో మనం సాధారణంగా గమనించం.

9వ సర్గలో రాయబారం వస్తుంది. పది టాలెంట్ల బంగారం, పన్నెండు పందెపు గుర్రాలు, ఏడు పట్టణాలు, బ్రిసీస్‌తో పాటు తన కూతుళ్లలో ఒకరినీ ఇస్తానని అగమెమ్నాన్ కబురు పంపుతాడు. అకిలిస్ తిరస్కరిస్తాడు. పిరికివాడికీ ధీరుడికీ దక్కే మర్యాద ఒక్కటేననీ, పాటుపడినవాడూ పడనివాడూ ఒకే చావు చస్తారనీ, పశువులను తెచ్చుకోవచ్చు గాని పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చుకోలేమనీ అతను చెప్పిన మాటలను మొండితనంగా కొట్టిపారేయలేం. వీరధర్మాన్నే నిలదీసిన మాటలవి. చివరికి రాయబారులలో ఒకడైన ఏజాక్స్ క్లుప్తంగా, కొంచెం నిష్ఠూరంగా మాట్లాడతాడు. అన్నదమ్ముణ్ణో కన్నకొడుకునో చంపినవాడి దగ్గర కూడా జనం పరిహారం తీసుకుని రాజీపడతారు, నువ్వు ఒక్క ఆడపిల్ల కోసం ఇంత పట్టుపడతావా అంటాడు. నువ్వన్నది నాకూ సబబుగానే ఉంది గాని ఆ అవమానం తలుచుకుంటే గుండె కోపంతో ఉబికిపోతున్నది అని అకిలిస్ జవాబిస్తాడు. నా దృష్టిలో కావ్యానికి గుండెకాయ ఇదే. అతనికి మంచిచెడ్డలు తెలియక కాదు. తెలిసినా మనసు తన మాట వినడం లేదు.

దాని మూల్యం, అతని బదులు యుద్ధానికి వెళ్లిన ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ ప్రాణం. అతని చావు కబురు విన్నాక అకిలిస్ తనను తాను ‘భూమికి దండగ బరువు’ అని తిట్టుకుంటాడు. భూభారం అనే మాట మనకూ ఉంది గాని, దాన్ని ఒక వీరుడు తనకే అన్వయించుకోవడం అరుదు. కోపం తేనె చుక్కకన్నా తియ్యగా గుండెలోకి దిగి పొగలా కమ్ముకుంటుందని అతను అక్కడే అంటాడు. ఆ తెలివిడితోనూ అతను మారడు. పాట్రోక్లస్ ప్రాణం తీసిన ట్రాయ్ యువరాజు హెక్టర్‌ను చంపి శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు, పాట్రోక్లస్ చితి దగ్గర పన్నెండుమంది ట్రాయ్ యువకులను నరుకుతాడు.

హెక్టర్ లోపం వేరు. వెనక్కి తగ్గి కోటలోకి వెళ్దామన్న తోటి ట్రాయ్ వీరుడు పాలిడామస్ సలహాను తోసిపుచ్చి సైన్యాన్ని పోగొట్టుకున్నవాడు, ఆ తరవాత ఊళ్లో వాళ్లకు ముఖం చూపలేక కోట బయటే నిలబడి చస్తాడు. హోమర్ మరో కావ్యం ‘ఒడిస్సీ’లో ఒడిస్యూస్, సముద్రదేవుడి కొడుకైన ఒంటికంటి రాక్షసుడు పాలిఫెమస్ నుంచి క్షేమంగా తప్పించుకున్నాక, ఓడలోంచి గర్వంగా తన పేరు చెప్పి, సముద్రదేవుడి పగను నెత్తికెత్తుకుంటాడు.

ఇలాంటివారిని గ్రీకులు వీరులని ఎలా అన్నారన్న ప్రశ్నకు జవాబు ఆ మాట చరిత్రలో ఉంది. హోమర్ వాడిన ‘హేరోస్’ అనే పదం సుగుణాలకు ఇచ్చిన బిరుదు కాదు. ఒడిస్సీలో గాయకుడు డెమొడోకస్‌నూ ఒక వార్తాహరుణ్ణీ కూడా ఆ మాటతోనే పిలుస్తాడు. మతాచారంలోనైతే హేరోస్ అంటే చనిపోయాక కూడా మేలో కీడో చేయగల శక్తి ఉందని జనం నమ్మి, సమాధి దగ్గర నైవేద్యాలు పెట్టే మనిషి. యాత్రికుడు పాసేనియస్ చెప్పిన క్లియోమెడిస్ కథ దీనికి మంచి సాక్ష్యం. ఆస్టిపాలియా ద్వీపానికి చెందిన ఈ ముష్టియుద్ధ యోధుడు ఒలింపియాలో ప్రత్యర్థిని చంపినందుకు విజయాన్ని పోగొట్టుకుని, మతి చలించి, ఊళ్లో బడి స్తంభాన్ని పెకలించి సుమారు 60 మంది పిల్లల మీద కప్పు కూల్చాడట. జనం తరిమితే గుడిలో ఒక పెట్టెలో దాక్కున్నాడు. పగలగొట్టి చూస్తే పెట్టె ఖాళీ. డెల్ఫీలోని అపోలో దైవవాణిని అడిగితే, అతను వీరులలో చివరివాడు, పూజించండి అని వాక్కు వచ్చింది. అందులో మెచ్చుకోలు లేదు. మానవ ప్రమాణాన్ని దాటిన బలం పట్ల భయమే ఉంది. మన ఆలంకారికులు చెప్పిన ధీరోదాత్త నాయకుడి లక్షణాలతో వీళ్లను కొలవబోతే మొదటి అడుగులోనే తప్పు దారి పడతాం.

వీరుడు ఆదర్శంగా ఉండాలన్న పట్టుదలను బలంగా వినిపించినవాడు తత్వవేత్త ప్లేటో. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఆయన ‘రిపబ్లిక్’ రాసేనాటికి గ్రీకు పిల్లల చదువే హోమర్‌తో సాగేది. అకిలిస్ బూడిద పోసుకుని ఏడవడం, కానుకలకు ఆశపడడం, శవాన్ని ఈడవడం చదివిన పిల్లలు తమ తప్పులకు సాకులు వెతుక్కుంటారని ఆయన భయం. అందుకే ఆ ఘట్టాలను తీసివేయాలన్నాడు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం గాని, ఆయన చెప్పినట్టు తీసివేస్తే మిగిలేది ఇలియడ్ కాదు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్, కోపిష్ఠిని కోపిష్ఠిగానే చూపుతూ ఉత్తముడిగానూ నిలపవచ్చని చెప్పి, అకిలిస్‌నే ఉదాహరణగా చూపాడు. విషాదనాటకంలో నాయకుడి పతనానికి కారణంగా ఆయన చెప్పిన ‘హమార్టియా’ను తరవాతివారు గుణదోషమని అర్థం చెప్పుకున్నారు. దాని క్రియారూపాన్ని హోమర్ ఈటె గురి తప్పినప్పుడు వాడతాడు. పుట్టుకతో వచ్చిన మచ్చ వేరు, గురి తప్పడం వేరు.

కత్తిరించాలన్న కోరిక పండితులనూ వదల్లేదు. అకిలిస్‌ను పెంచిన ఫీనిక్స్ ఒకప్పుడు తండ్రినే చంపుదామనుకున్నానని ఒప్పుకునే నాలుగు పాదాలను, అలెగ్జాండ్రియా పండితుడు అరిస్టార్కస్ భయపడి తొలగించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆ పాదాలు ఇలియడ్ రాతప్రతులలో లేవు. ప్లూటార్క్ ఉదాహరించబట్టే మనకు దక్కాయి.

1994లో అమెరికన్ మానసిక వైద్యుడు జొనాథన్ షే, వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల అనుభవాలను అకిలిస్ కథతో పోల్చి రాశాడు. పై అధికారి ద్రోహం, స్నేహితుడి చావు, ఆపైన అదుపు తప్పిన హింస అనే వరస ఆయనకు రెండు చోట్లా కనిపించింది.

హోమర్ కథను ఆ హింస దగ్గర ఆపలేదు. 24వ సర్గలో హెక్టర్ తండ్రి, ట్రాయ్ రాజు, ముసలి ప్రియామ్ రాత్రివేళ అకిలిస్ గుడారానికి వచ్చి, తన కొడుకులను చంపిన చేతులను ముద్దుపెట్టుకుని హెక్టర్ శవాన్ని అడుగుతాడు. ఇద్దరూ ఎవరి దుఃఖం వాళ్లు తలుచుకుని ఏడుస్తారు. అప్పుడు కూడా అకిలిస్ కోపం పూర్తిగా చావదు. తొందరపెట్టి నన్ను రెచ్చగొట్టవద్దు, నిన్నూ ఏమైనా చేస్తానేమో అని ముసలివాణ్ణి హెచ్చరిస్తాడు. కొడుకు శవాన్ని చూసి ప్రియామ్ నిగ్రహం కోల్పోతే తనకూ కోపం పెరిగి అతన్ని చంపుతానేమోనని, శవాన్ని అతని కంటపడకుండా పక్కకు తీసుకువెళ్లి స్నానం చేయించమని దాసీలకు చెబుతాడు. అంత్యక్రియలు ముగిసేదాకా యుద్ధం ఆపుతానని మాట ఇచ్చి, ఆ ముసలివాడు భయపడకుండా ఉండాలని అతని కుడి మణికట్టు పట్టుకుంటాడు.