కువైట్ మాట కోసం ఇంటికొచ్చిన ఫోను

రాయచోటి, రాజంపేట వైపు చాలా ఇళ్లలో ఫోనంటే మొదట నాయన గొంతే. ఉమ్మడి కడప జిల్లా నుంచి బతుకుదెరువు కోసం కువైట్ పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. అప్పట్లో ఎవరైనా ప్రయాణమైతే వాళ్ల సంచిలో ఉత్తరాలతో పాటు టేపు క్యాసెట్లూ వెళ్లేవి. ఇంటిల్లిపాదీ టేపురికార్డరు ముందు కూర్చుని వంతులవారీగా మాట్లాడి పంపేవాళ్లు. అక్కడి నుంచి వచ్చిన క్యాసెట్టును రెండు వైపులా తిప్పి, గంటసేపు, లేవకుండా వినేవాళ్లు. మా పెద్దమ్మ బీరువాలో చీర మడతల మధ్య అలాంటిది ఒకటి ఇప్పటికీ ఉంది.

తర్వాత విదేశాలకు ఫోను చేసుకునే ఐఎస్‌డీ బూత్‌లొచ్చాయి. ఎర్ర అంకెల మీటరు తిరుగుతుంటే గుండె దడదడలాడేది కాబట్టి, ఏం చెప్పాలో దారిలోనే అనుకుని పోయేవాళ్లు. దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులైలో. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే అది మామూలు ఇళ్లకు చేరింది. ఆ తర్వాత ఇమో, వాట్సాప్ వీడియో కాల్స్‌తో నాయన మొహమే ఇంట్లోకి వచ్చేసింది. "పిల్లోళ్లకు ఫోను ఎందుకిస్తారు?" అని తల్లులను నిలదీసేవాళ్లు ఇదంతా ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇక్కడ ఫోను షోకు కోసం కొన్నది కాదు.

మారింది ఫోను లోపల. చివర అనేదే లేకుండా కిందికి జరుగుతూ పోయే తెరను 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. పత్రికకు చివరి పేజీ ఉంటుంది, క్యాసెట్టు అయిపోతే టక్కుమని ఆగుతుంది. దీనికి ఆగే చోటే లేదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. 2020 మార్చిలో బడులు మూతపడి పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. పాఠం కోసం ఇచ్చిన ఫోనులోనే ఇవన్నీ చేరాయి. గ్రామీణ పిల్లలపై 2024 అసర్ సర్వే లెక్క చూడండి: ఫోను వాడటం తెలిసిన 14–16 ఏళ్లవాళ్లలో అంతకుముందు వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం.

ఏకాగ్రత సంగతికొస్తే, అమెరికాలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి కొలిచారు. 2004లో మనుషులు ఒక తెరపై సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవాళ్లు. ఈమధ్య అది 47 సెకన్లకు పడింది. ఆమె ఎక్కువగా చూసింది పిల్లలను కాదు, ఆఫీసుల్లో పనిచేసే పెద్దలను. తప్పంతా పిల్లల మీదికి నెట్టేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అసలు అటెన్షన్‌కు మన మాట అవధానం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి వంటి అవధానులు తిరిగిన ప్రొద్దుటూరు మనది. అష్టావధానంలో ధ్యాస చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగి అని ఒక పృచ్ఛకుడు, అంటే ప్రశ్నలడిగేవాడు, ఉంటాడు. ఆయన ఎక్కడ కూర్చున్నాడో అవధానికి తెలుసు. జవాబిచ్చి మళ్లీ పద్యంలోకి వస్తాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి తన ధ్యాస లాగేవాడు ఎక్కడున్నాడో కనిపించదు.

పోయిన నెల మా బంధువుల ఇంట్లో చూశాను. శుక్రవారం, కువైట్‌లో సెలవు. నాయన వీడియో కాల్ చేశాడు. "తింటివా నాయనా?" అన్నాడు. "ఆఁ" అంటూనే పిల్లవాడు బొటనవేలితో తెరను జరిపాడు. నాయన మొహం మూలన అగ్గిపెట్టెంత గడిలోకి పోయింది. మిగతా తెరంతా రీల్స్. "బాగా చదువుతాండావా?" "ఆఁ." ఆయన అడుగుతూనే ఉన్నాడు, కొడుకు కళ్లు ఎక్కడున్నాయో అటువైపు తెలియదు.

ఎదుటివాళ్ల మొహం చదవడం కూడా వాడుకతో వచ్చేదే. 2014లో అచ్చయిన కాలిఫోర్నియా అధ్యయనంలో ఆరో తరగతి పిల్లలను ఐదు రోజులు తెరలు లేని క్యాంపులో ఉంచితే, మొహాల్లో భావాలను గుర్తించడంలో క్యాంపుకు పోని పిల్లలకంటే మెరుగయ్యారు. ఐదే రోజుల్లో.

ఆ వేళ వాళ్లమ్మ ఏమీ అనలేదు. ఫోను తీసుకుని కిటికీ మీద కడ్డీకి ఆనించి పెట్టి, కొడుకు భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చుంది. నాయన మొహం మళ్లీ తెర నిండా వచ్చింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పిల్లవాడే, బళ్లో కబడ్డీ ఆడుతూ మోకాలు దోక్కుపోయిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.