చిన్న విమానాల్లో రడ్డర్: అపోహలు - వాస్తవాలు

గోదావరి మీద పడవలు చూస్తూ పెరిగిన మన పిల్లలు పైలట్ శిక్షణకు వెళ్లినప్పుడు ముందుగా పొరబడేది రడ్డర్ దగ్గరే, అంటే కాళ్ల పెడల్స్‌తో కదిలే తోక మీది నిలువు పలక దగ్గరే.

అపోహ: చుక్కాని తిప్పితే పడవ తిరిగినట్టే, రడ్డర్ నొక్కితే విమానం తిరుగుతుంది.

వాస్తవం: విమానాన్ని తిప్పేది రెక్కల వాలు. కుడికి వాలితే లిఫ్ట్‌లో (రెక్కల్ని పైకి లేపే బలంలో) కొంత కుడికి లాగుతుంది, మలుపు అలా వస్తుంది. రడ్డర్ పని వేరు. యోక్ (చేతి స్టీరింగ్) కుడికి తిప్పగానే ఎడమ ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగి, ఆ రెక్క పైకి లేస్తుంది. దాంతోపాటే అక్కడ డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) పెరిగి ముక్కు ఎడమకి పోతుంది. దాన్ని ఆపడానికే యోక్‌తో పాటు కుడి పెడల్. వాలు కుదిరి యోక్ మధ్యకి వచ్చాక పెడల్ కూడా సడలించాలి.

అపోహ: మలుపుల్లో తప్ప కాళ్లకు పని లేదు.

వాస్తవం: సెస్నా 172లో పైలట్ వైపు నుంచి చూస్తే ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతుంది. ఫుల్ పవర్‌తో ఎక్కుతున్నప్పుడు కుడి పక్క దిగే బ్లేడు ఎక్కువ లాగుతుంది. సుడి తిరిగే గాలి వచ్చి తోక ఫిన్‌ని (నిలువు రెక్కని) ఎడమ పక్క కొడుతుంది. రెండూ ముక్కుని ఎడమకే తోస్తాయి కాబట్టి కుడి పెడల్ పట్టి ఉంచాల్సిందే. ఎంత అంటే, ప్యానెల్ మీది వంపు గొట్టంలో విమానం జారుడు చూపే బాల్ మధ్యకి వచ్చేంత. బాల్ ఎటు పోతే అటు పెడల్. ప్రొపెల్లర్ ఎదురు దిశలో తిరిగే ఇంజిన్‌కి ఎడమ కాలు.

అపోహ: ఫైనల్ లైన్ (రన్‌వేకి సూటిగా దిగే దారి) దాటిపోతే కొంచెం రడ్డర్‌తో ముక్కు రన్‌వే మీదికి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: ప్రాణాలు తీసేది ఇదే. బేస్ (ఫైనల్‌కి ముందు, రన్‌వేకి అడ్డంగా ఎగిరే దారి) నుంచి ఎడమకి తిరుగుతూ లైన్ దాటారనుకోండి. వాలు పెంచడానికి భయపడి ఎడమ పెడల్ తొక్కుతారు. బయటి రెక్క వేగం పుంజుకుని లేస్తుంది, వాలు ఎలాగూ పెరుగుతుంది. దాన్ని ఆపాలని యోక్ కుడికి తిప్పుతారు. ముక్కు జారుతోందని వెనక్కి లాగుతారు. ఇప్పుడు లోపలి రెక్క వేగం తక్కువ, దాని ఐలరాన్ కిందికి దిగి ఉంది. ముందు స్టాల్ అయ్యేది (గాలి పట్టు తప్పి లిఫ్ట్ కోల్పోయేది) అదే. విమానం ఎడమకి తిరగబడి స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి) పడుతుంది. అక్కడ 500 అడుగుల ఎత్తు ఉంటే గొప్ప, తేరుకునే చోటు ఉండదు. బాల్ మధ్యలో, వాలు 30 డిగ్రీల లోపు. కుదరలేదా, వెంటనే గో అరౌండ్ (దిగడం మాని పవర్ పెంచి మళ్లీ ఎక్కడం). అందులో చిన్నతనమేమీ లేదు.

అపోహ: స్టాల్‌లో రెక్క పడితే యోక్ ఎదురు తిప్పి లేపాలి.

వాస్తవం: అలా తిప్పితే ఆ రెక్క ఇంకా లోతుగా స్టాల్ అవుతుంది. ముందు యోక్ ముందుకు. ముక్కు పక్కకి తిరగకుండా ఎదురు పెడల్. రెక్క గాలి పట్టాకే ఐలరాన్.

అపోహ: పక్కగాలికి ఐలరాన్ చాలు.

వాస్తవం: మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం రన్‌వే 05-23, అంటే ఈశాన్యం-నైరుతి. ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి వీస్తే అది పూర్తి పక్కగాలి. 05 మీద (ఈశాన్యం వైపు) దిగేటప్పుడు యోక్ కుడికి, గాలి వైపు. ముక్కు రన్‌వేకి సూటిగా ఉండేలా ఎడమ పెడల్. మడమలు నేల మీదే ఉండాలి, వేళ్ల మొదళ్లు పెడల్ కింది భాగంలో. పాదం పైకి జరిగి, పెడల్ పై భాగంలోని బ్రేక్ మీద ఉండగా చక్రాలు నేల తాకితే టైరు పేలిపోవచ్చు.