ఈజిప్టు చెక్క స్టెలా: కొన్ని అపోహలు, వాస్తవాలు

రంగులు వేసిన పాత చెక్క వస్తువులను కాపాడడం నా పని. ప్రాచీన ఈజిప్టులో చనిపోయినవారి కోసం చేయించిన స్టెలా, అంటే బొమ్మలూ రాతలూ ఉన్న ఫలకం, గురించి తరచూ నా చెవిన పడే మాటలు ఇవి.

అపోహ: ఇది సమాధి మీద నిలబెట్టే గుర్తు.

రాతి స్టెలాలు చాలావరకు జనం వచ్చిపోయే చోటే ఉండేవి. చెక్కవాటి కథ వేరు. క్రీ.పూ. 1070 తర్వాత థీబ్స్‌లో, అంటే నేటి లక్సర్‌లో, గోడల నిండా బొమ్మలతో సమాధులు కట్టించుకోవడం బాగా తగ్గింది. ఒకే గదిలో చాలామందిని ఉంచేవారు. గోడ మీద ఉండాల్సిన బొమ్మలు శవపేటిక మీదికి, పపైరస్ అనే రెల్లు కాగితం మీదికి, ఈ చిన్న చెక్క మీదికి చేరాయి. దాన్ని పేటిక దగ్గర పెట్టి గది మూసేసేవారు.

లూవ్ర్ మ్యూజియంలోని తపెరెత్ అనే మహిళ స్టెలానే చూడండి. 22వ రాజవంశం నాటిది, అంటే సుమారు క్రీ.పూ. 10-8 శతాబ్దాల మధ్యది, ఎత్తు 31 సెంటీమీటర్లు. రెండు వైపులా బొమ్మలే. ఒకవైపు పగటి సూర్యుడు, డేగ తల దేవుడు రే-హోరాఖ్తీ ముందు ఆమె చేతులెత్తి నిలబడింది. ఆయన తల మీది సూర్యబింబం నుంచి కిరణాలు పూల వరసలై ఆమె మీదికి దిగుతాయి. రెండో వైపు సాయంకాలపు సూర్యుడు అతుమ్. అంత చిన్న చెక్క మీద రోజంతా పట్టించిన ఆ చిత్రకారుడంటే నాకు ఎంతో గౌరవం.

అపోహ: దాని మీద శాపాలు రాసి ఉంటాయి.

మామూలుగా ఉండేది నైవేద్యపు మంత్రం. రాజు దేవుడికి అర్పించే దానిలోంచి ఫలానా వ్యక్తికి రొట్టె, బీరు, ఎద్దు మాంసం, పక్షి మాంసం అందాలని కోరుకోవడమే. అవి చేరాలంటే పేరు ఉండాలి. అందుకే పేరున్న చోట పెచ్చు ఊడితే మాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ఆ రంగులన్నీ ఆకులు, పూల రసాలు.

ఎక్కువగా ఖనిజాలే. ఎరుపు కావిరాయి, నలుపు మసి. నీలం మాత్రం ఇసుక, రాగి, సున్నం కలిపి కొలిమిలో దాదాపు 900 డిగ్రీల వేడిలో తయారుచేసింది. దాని మీద మామూలు వెలుగు పడితే కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. నల్లబడి ఏమీ తెలియని చోట కూడా మా కెమెరాలో తెల్లగా వెలుగుతుంది.

అపోహ: తడిగుడ్డతో తుడిస్తే కొత్తదానిలా అవుతుంది.

దయచేసి ఆ పని చేయకండి. కొండపల్లి బొమ్మకు రంగుకు ముందు సున్నం పూసినట్టే, ఈ చెక్కకు సుద్దను జంతువుల జిగురులో కలిపి పూశారు. ఆ జిగురు నీళ్లకు కరుగుతుంది. పైగా గాలిలో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పూత దానితో పాటు కదలలేక పెచ్చులుగా లేస్తుంది. ముందు ఆ పెచ్చుల కింద సన్న కుంచెతో జిగురు పెట్టి కూర్చోబెడతాం. దుమ్ము సంగతి ఆ తర్వాతే.